రోజుకూలి గర్భిణులు - మన బాధ్యత

(మన సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ కొత్త సంవత్సరం పేరు పరాభవ. పంచాంగ శ్రవణం జరుగుతూండగా మా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకరు "పండుగ పూట ఇదేం పేరండీ" అని నొచ్చుకున్నారు. అరవై పేర్లూ వరుసలో రావలసినవేగాని మనం ఏరుకునేవి కావు గదా. పేరులో ఉన్న పరాభవం పేరులోనే ఉండిపోవాలంటే ఏడాది పొడుగునా మనం ఏం చేస్తామన్నది చూసుకోవాలి.

కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు రైళ్ళ గురించి ఏదైనా చెబుతామని అనుకున్నట్లున్నారు. మేము మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. ఉపన్యాసాలిచ్చే విద్వత్తు మాకు లేదు. అయినా ఈ విషయం మేమే అడిగి తీసుకున్నాము. "ఇది ఆడవాళ్ళు మాట్లాడుకోవలసినది కదండీ" అన్నారు కమిటీలో ఒకరు. పురుడు ఆడవారిదే, కాదనము. కాని హాజరుపట్టీ మగవాళ్ళ చేతిలో ఉన్నది. అందుచేత ఇది ముందుగా మనం మాట్లాడుకోవలసిన విషయమే.

చెన్నపట్నంలో మన తెలుగువాళ్ళంటే సినిమాలవారు, వ్యాపారస్తులు, ఆఫీసులలో పనిచేసేవారు అని పైవారు అనుకుంటారు. ఈ ఊరి వీధులు ఊడ్చేవారిలో తరతరాలుగా తెలుగే మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మేడలకు ఇసుక, ఇటుక మోసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం జిల్లాలనుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. 2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, ఆ పేర్ల జాబితా చూసి మన జిల్లాలవారు ఇంతమంది ఇక్కడ ఉన్నారా అని అప్పుడు మనకు తెలిసింది. అంతకు ముందు తెలియదు. వారి పేర్లు ఏ సంఘం పుస్తకంలోనూ లేవు. 2025 ఆగస్టు 1 నుంచి 13 వరకు రిప్పన్ భవనం ఎదుట పారిశుద్ధ్య కార్మికులు కూర్చున్నప్పుడు కూడా అంతే. రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పని ప్రైవేటు కాంట్రాక్టరుకు ఇచ్చినందుకు వాళ్ళు కూర్చున్నారు. జాతీయ నగర జీవనోపాధి పథకం కింద ఏళ్ళ తరబడి తాత్కాలికంగానే పనిచేసినవాళ్ళు. వారిలో ఆడవారు ఎక్కువ. పదమూడో తేదీ అర్ధరాత్రి పోలీసులు వారిని అక్కడనుండి తీసివేశారు. ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అన్న వాదన ఈ సభకు అవసరం లేదు. తాత్కాలికం అన్న ఒక్క మాట పదేళ్ళపాటు ఎలా నిలబడుతుందో చెప్పడానికి ఆ సంగతి ఎత్తాము.

తాత్కాలికపు పనిలో ఉన్న స్త్రీ నెల తప్పితే ఏమవుతుంది?

మేము ఉండే వీధిలో నిరుడు వేసవిలో ఒక మేడ కట్టారు. తట్ట మోసే జంటల్లో ఒకామె విజయనగరం వైపునుంచి వచ్చినది. ఆమె నడక చూసి మా ఇంట్లోవాళ్ళు ఒకనాడు మంచినీళ్ళిస్తూ అడిగారు, "ఎన్నో నెల తల్లీ" అని. ఆమె అటూ ఇటూ చూసి, "అయిదో నెలమ్మా. మేస్త్రీతోటి సెప్పకండి. సెప్తే రేపట్నించి రావద్దంటాడు" అన్నది. సిమెంటు కలిపిన తట్ట ఎత్తుకొని రెండో అంతస్తుకు ఎక్కుతూనే ఉన్నది. ఆ నెలాఖరులో ఒకరోజు మధ్యాహ్నం ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మనిషి దక్కింది, బిడ్డ దక్కలేదు.

మేము మేస్త్రీ దగ్గరకు వెళ్ళాము. అతను చెడ్డవాడు కాడు, ఆటో డబ్బు అతనే ఇచ్చాడు. "మాకు తెలియదు బాబూ. తెలిసినా ఏం చేస్తాం, ఆమె పేరు మా పుస్తకంలో లేదు" అన్నాడు. పుస్తకం చూపించాడు. మొగుడి పేరు ఎదురుగా 'జోడీ' అని రాసి ఉన్నది. ఇద్దరి కూలీ కలిపి ఒకే అంకె. గర్భస్రావమైన స్త్రీకి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఆ ఆరు వారాలలో ఆమెను పనిలో పెట్టుకోవడమే నేరం. కాని పుస్తకంలో లేని మనిషికి ఆరు వారాలు ఏమిటి, ఆరు రోజులు ఏమిటి?

బిల్లులు చూడటం మా వృత్తి. హాజరుపట్టీలో ఒక గీత ఉంటే డబ్బు, లేకపోతే లేదు. కనుక మాకు ఈ విషయం మొదట దయాదాక్షిణ్యాల విషయంగా కాక, ఆ గీత విషయంగా కనిపించింది.

ఇక చట్టం సంగతి కొంచెం చెబుతాము, విసుక్కోకండి. మన దేశంలో ఇది కొత్తగా పుట్టినది కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయ బిల్లు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానిని సమర్థించారు. ఈ ఖర్చు ముఖ్యంగా ప్రభుత్వం భరించవలసినదే అయినా, స్త్రీలచేత పనిచేయించుకొని లాభపడే యజమాని కూడా కొంత మోయాలని ఆయన వాదన. 1929లో బొంబాయిలో చట్టమైంది. మన మద్రాసులో 1934 నాటి చట్టం వచ్చింది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు కూడా ఈ రాజధానిలోనివే. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 42వ అధికరణంలో ప్రసూతి సహాయం మాట చేర్చారు. 1961లో దేశం మొత్తానికీ ఒక చట్టం చేశారు. 2017లో దానిని సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు, ఇద్దరు బిడ్డలున్న తల్లికి మాత్రం 12 వారాలే. ఇప్పుడు ఆ 1961 చట్టం సామాజిక భద్రతా కోడ్ 2020లో కలిసిపోయి, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమలులోకి వచ్చింది. పేరు మారిందేగాని ఈ మూలసూత్రాలు అలాగే ఉన్నాయి.

వాటిలో మనకు కావలసినది ఒకటి: కానుపు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పర్మనెంటా, టెంపరరీనా అని అక్కడ లేదు. ఈ మాట ఢిల్లీ కార్పొరేషన్ ఒప్పుకోలేదు. రోడ్లు వేసే పనిలో మస్టర్ రోల్ మీద ఉన్న కూలి స్త్రీలకు ఇది వర్తించదని, రెగ్యులర్ వారికే ఇస్తామని వాదించింది. సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు చెప్పింది. ఎండలో రాళ్ళు మోసే మనిషికి లేని విశ్రాంతి ఆఫీసులో కూర్చునే మనిషికి మాత్రమే ఎలా ఉంటుంది, చట్టంలో అలాంటి తేడా ఎక్కడా లేదు అన్నది దాని సారాంశం. తీర్పు మహిళా దినోత్సవం నాడే రావడం యాదృచ్ఛికమో కాదో గాని, చక్కగా కుదిరింది.

ఇంకొక తీర్పు కూడా చెప్పాలి. ఢిల్లీలో కాంట్రాక్టు మీద పనిచేసే వైద్యురాలు ఒకరు 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. ఆమె కాంట్రాక్టు జూన్ 11తో ముగుస్తుంది. కనుక పదకొండు రోజులే ఇస్తామన్నారు! బిడ్డ కూడా కాంట్రాక్టు తేదీ చూసుకొని పుట్టాలి కాబోలు. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు, కాంట్రాక్టు ముగిసినా 26 వారాల డబ్బూ ఇవ్వవలసిందే అన్నది. మన చెన్నై హైకోర్టు కూడా 2025 జనవరిలో, తమిళనాడు ఆసుపత్రులలో కాంట్రాక్టు మీద పనిచేసే నర్సులకు ప్రసూతి హక్కు ఉన్నదని, కాంట్రాక్టు కాగితంలో ఏమి రాసుకున్నా చట్టమే పైచేయి అని చెప్పింది. వైద్యురాలికీ, నర్సుకూ కోర్టుదాకా వెళ్ళవలసివస్తే తట్ట మోసే ఆమె గతి ఏమిటో మీరే ఊహించండి.

లెక్క విషయం వచ్చింది గనుక, గుమాస్తాలకు నచ్చే తీర్పు ఒకటి ఉన్నది. కోయంబత్తూరు జిల్లాలో ఒక తోటలో పనిచేసే స్త్రీకి పన్నెండు వారాల డబ్బు ఇచ్చేటప్పుడు యజమాని ఆదివారాలు తీసివేశారు. 84 రోజులకు బదులు 72 రోజులే కట్టారు. ఆదివారం కూలి లేదు గదా అన్నది వారి లెక్క. 1977లో సుప్రీంకోర్టు వారమంటే ఏడు రోజులే అన్నది. ఇప్పుడు 26 వారాలు. ఆదివారాలు తీస్తే 156, కలిపితే 182. రోజుకు 600 కూలి వేసుకుంటే తేడా 15,600 రూపాయలు. ఎవరైనా మీ చేతికి చీటీ ఇస్తే ఈ గుణకారం చేసి చూడండి.

డబ్బు మాట అయింది. అసలు మాట పని. పొట్టలో బిడ్డ ఉండగా ఏ పని చేయించవచ్చు, ఏది చేయించరాదు?

కానుపుకు ముందు ఆరు వారాలకు మరి ఒక నెల ముందునుంచి, అంటే సుమారు పదో వారంనుంచి, ఆమె కోరితే కష్టమైన పనిగాని, గంటల తరబడి నిలబడే పనిగాని, గర్భానికి హాని చేసే పనిగాని ఇవ్వకూడదు. ఇది చట్టం. చట్టానికి నమస్కారం చేస్తూనే రెండు మాటలు అడుగుతున్నాము. "ఆమె కోరితే" అన్నారు. పర్మనెంటు ఉద్యోగిని కోరగలదు. మా రైల్వేలో పర్మనెంటు ఉద్యోగినులకు 180 రోజుల సెలవు ఉన్నది; ఈ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2021 జూలై నుంచి ఏడాది. వారు మూడో నెలలోనే వచ్చి చెబుతారు, మేమంతా శుభాకాంక్షలు చెబుతాము. రోజుకూలి మనిషి నోరు తెరిచి కోరితే రేపటి పని ఉండదు. అందుచేత ఆమె దాచుకుంటుంది. దాచుకోవడానికి మరికాస్త బరువు ఎత్తుతుంది. చట్టం అడగమన్నది, కడుపు అడగవద్దన్నది.

రెండోది, ఈ రక్షణ ఆఖరి నెలల్లోనే. గర్భం నిలవడం, నిలవకపోవడం చాలావరకు మొదటి నెలల్లో తేలిపోతుంది గదా. పోరూరులోని శ్రీ రామచంద్ర వైద్య సంస్థవారు 2017లో మొదలుపెట్టి తమిళనాడులో 8 వందలమంది గర్భిణులను వెంబడించి చూశారు. ఇటుక బట్టీలలో, ఉప్పు మడులలో, పొలాలలో పనిచేసేవారు అందులో ఉన్నారు. సుమారు సగంమంది హద్దుమీరిన వేడిలో పనిచేస్తున్నారు. అలాంటివారిలో గర్భస్రావం మిగతావారికంటె రెండింతలని 2024లో ప్రకటించారు. మౌలివాక్కానికి కూతవేటు దూరంలో ఉన్న సంస్థ చెప్పిన మాట ఇది, ఎక్కడో విదేశాల మాట కాదు.

కర్తరిలో శంకుస్థాపన చేయకూడదని, మట్టి తవ్వకూడదని మన పంచాంగాలు చెబుతాయి. తమిళులు దానినే కత్తిరి వెయిల్ అంటారు. మనవాళ్ళు కర్తరి వెళ్ళేదాకా ముహూర్తం ఆపుతారు. అప్పటికే మొదలుపెట్టిన మేడ మీద మాత్రం పని ఆగదు. ఇంటికి చూసిన దోషం ఇల్లు కట్టే మనిషికి చూడరు. మన ఇళ్ళలో కోడలికి ఐదో నెల అంటే బిందె ఎత్తనివ్వము, గుమ్మం దాటవద్దంటాము, అడిగింది చేసి పెడతాము, ఏడో నెలలో గాజులు తొడుగుతాము. ఆ ఆచారాలు తెలియని జాతి కాదు మనది. వీధి దాటితే మరిచిపోతామా?

ఈ సభలో మేస్త్రీలు ఉన్నారు, చిన్న కాంట్రాక్టర్లు ఉన్నారు, మెస్సులు, క్యాటరింగులు నడిపేవారు ఉన్నారు. వారిని ఉద్దేశించి చెబుతున్నాము, కోపం తెచ్చుకోవద్దు. మీరు కూడా పైవాడి దగ్గర బిల్లు కోసం నెలల తరబడి తిరిగేవారే, మాకు తెలుసు. తట్ట మోసే ఆమెకు 26 వారాల డబ్బు మీరు జేబులోంచి ఇవ్వగలరా అంటే, చాలామంది ఇవ్వలేరు. అందుకే ఇ.ఎస్.ఐ. పెట్టారు. పదిమంది ఉన్నచోట, 21 వేల లోపు జీతానికి, కూలిలో నూటికి ముప్పావలా ఆమె, మూడుంబావలా మీరు కడితే, ప్రసూతి డబ్బు కార్పొరేషనే ఇస్తుంది. వరుసగా రెండు చందా కాలాల్లో, అనగా ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి, 70 రోజుల చందా ఉండాలి. ఈ రెండింటి మధ్య పేరు మార్చి రాస్తే ఆ లెక్క తెగిపోతుంది. మీరు కట్టకపోతే అసలు యజమాని కట్టి మీ బిల్లులో విరగకోసుకోవచ్చు. అంటే తప్పించుకోవడం వల్ల మిగిలేది ఏమీ లేదు. అయనావరంలోను, కె.కె. నగర్‌లోను ఆసుపత్రులు ఉన్నాయి.

డబ్బు ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. జోడీ అని రాయకండి. భార్య పేరు వేరే వరుసలో రాయండి. చీటీ ఆమె చేతికి ఇవ్వండి. ఆమె అడిగేదాకా ఆగకుండా, మీ ఇంట్లో ఆడవారిచేత అడిగించండి. తెలిశాక తట్ట మాన్పించి నీడలో కూర్చుని చేసే పని ఇవ్వండి, ఇటుకలు తడపడం, జల్లెడ పట్టడం, పిల్లలను చూసుకోవడం. కూలి మాత్రం తగ్గించకండి. చల్లని మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. మరుగుదొడ్డి లేకనే ఆడవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా నీళ్ళు తాగకుండా ఉంటారు. ఆ మాట మగవాళ్ళతో చెప్పరు గనుక మేము చెబుతున్నాము. పురుడయ్యాక పనికి వస్తే బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండుసార్లు విరామం ఆమె హక్కు. యాభైమంది ఉన్నచోట పసిపిల్లల గది ఉండాలి. ఇసుక కుప్పమీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టడం పసిపిల్లల గది కాదు.

ఈ పట్నం పురుళ్ళకు పేదది కాదు. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రి 1844లో మొదలైంది. దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్ర మహిళాసభ ఈ ఊళ్ళోనే స్థాపించారు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పేరుమీద ఈ ప్రభుత్వం పేద గర్భిణులకు ఇచ్చే సాయం 2018 నుంచి 18 వేల రూపాయలు, కొంత నగదు, కొంత పౌష్టికాహారం. ఆసుపత్రులున్నాయి, డబ్బు ఉంది, అందుకునే దారే మనవాళ్ళకు తెలియదు. ఇక్కడ నెల తప్పగానే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయించుకొని పన్నెండు అంకెల నెంబరు తీసుకోవాలి. ఆ నెంబరు లేకపోతే ఇక్కడ పుట్టిన బిడ్డకు జనన పత్రం దగ్గర చిక్కు వస్తుంది. మనవాళ్ళు పుట్టింటికి పోతాము, అక్కడ చూసుకుంటామని నమోదు మానేస్తారు. ఎనిమిదో నెలదాకా ఇక్కడే ఉంటారు, ఆఖరుకు రైలు ఎక్కుతారు. ఆ ప్రయాణాలు మేము రోజూ ప్లాట్‌ఫారం మీద చూస్తూనే ఉన్నాము, జనరల్ బోగీలో కూర్చునే చోటు కూడా దొరకదు. పోవలసివస్తే పోండి, నమోదు మాత్రం ఇక్కడ నెల తెలిసినప్పుడే చేయించండి, కార్డు వెంట తీసుకుపోండి. కట్టడం పనివారయితే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో కూడా చేరవచ్చు, అక్కడా ప్రసూతి సహాయం ఉన్నది. దానికీ పని చేసినట్లు రుజువు కావాలి. మళ్ళీ అదే హాజరుపట్టీ.

సంఘం కమిటీవారిని ఒకటి కోరాము, వారు ఒప్పుకున్నారు. ఈ పండుగ చందాలో మిగిలిన సొమ్ముతో 500 హాజరు పుస్తకాలు అచ్చువేయిస్తున్నాము, జేబులో పట్టేవి, తెలుగులోను తమిళంలోను. తేదీ, పని, కూలి, మేస్త్రీ సంతకం, ఇంతే. ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్కటి. మేస్త్రీ రోజూ సంతకం పెట్టకపోయినా వారానికి ఒకసారి పెట్టినా సరే. ఇక్కడ కూర్చున్న మేస్త్రీలలో ఏడుగురు సంతకం పెడతామని ఈ ఉదయమే మాట ఇచ్చారు. పేర్లు చెప్పవద్దన్నారు గనుక చెప్పడం లేదు.

వచ్చే ఆదివారంనుంచి ఉదయం పది గంటల నుండి పన్నెండు వరకు సంఘం కార్యాలయంలో మేమూ, మా ఇంట్లోవాళ్ళూ ఉంటాము. ఆడవారు తమ సంగతులు ఆవిడతో చెప్పుకోవచ్చు. కాగితాలు మేము నింపిపెడతాము. ఆధార్ నకలు, ఉన్నంతవరకు కూలి చీటీలు, ఆరోగ్య కేంద్రం కార్డు తీసుకొని రండి. చీటీలు లేకపోయినా రండి, మీతో పనిచేసిన వారిని ఇద్దరిని వెంటబెట్టుకొని.